పియానో నేర్చుకునే పిల్లల సాధన ఎక్కడ ఆగిపోతుంది?

సంక్షిప్తంగా: పిల్లలు పియానో సాధన మానేస్తే ఇష్టం లేకపోవడమే కారణమని సాధారణంగా అనుకుంటారు. చాలా సందర్భాల్లో వరుస దీనికి తిరగబడి ఉంటుంది. ఇంట్లో ఒంటరిగా కూర్చున్నప్పుడు ఏం చేయాలో తెలియక, చేసినదానికి ఫలితం కనబడక ఇష్టం తగ్గుతుంది. అందువల్ల బహుమతులు, మందలింపులు, గడియారం లెక్కలు చేయగలిగింది కొంతే. పాఠం అప్పగించే తీరు, పాటల ఎంపిక, పెద్దలు పక్కన ఉండే పద్ధతి మారినప్పుడు ప్రగతి కనబడుతుంది, ఇష్టం చాలావరకు దాని వెనకే వస్తుంది.

పియానో మొదలుపెట్టిన పిల్లల ఉత్సాహం తగ్గే తీరు చాలా ఇళ్లలో ఒకేలా ఉంటుంది. మొదటి కొన్ని నెలలు ఎవరూ చెప్పకుండానే వాద్యం దగ్గరికి వెళ్లేవారు, ఏడాది గడిచేసరికి పిలిస్తే గాని కూర్చోరు; కూర్చున్నా బాగా వచ్చిన పాటనే మూడు నాలుగుసార్లు వాయించి లేచిపోతారు. ఉపాధ్యాయుడు పోయిన వారం పాఠాన్నే మళ్లీ అప్పగిస్తాడు. ఇంట్లో గడియారం చూసి అరగంట లెక్కపెట్టడం మొదలవుతుంది, ఆ లెక్కతో పాటే రోజువారీ వాదన కూడా మొదలవుతుంది. ఈ దశలో సాధారణంగా రెండు నిర్ధారణలు వినిపిస్తాయి: బిడ్డకు సంగీతం మీద ఆసక్తి లేదు, లేదా ఆ ప్రతిభ లేదు. రెండూ కారణాన్ని బిడ్డలోనే వెతుకుతాయి.

అవి నిజమయ్యే సందర్భాలు లేకపోలేదు. అయితే వాటికంటే ముందు చూడవలసిన విషయం ఒకటుంది. వారానికి ఒక్కసారి అరగంట పాఠం జరిగితే, మిగిలిన ఆరు రోజులూ విద్యార్థి తనకు తానే గురువు. తప్పు ఎక్కడ వచ్చిందో వినాలి, ఎందుకు వచ్చిందో పోల్చుకోవాలి, సరిచేసే దారి ఎంచుకోవాలి, సరయిందో లేదో తేల్చుకోవాలి. పెద్దవారికి కూడా ఏళ్ల మీద గాని అలవడని ఈ పనిని, ఎలా చేయాలో చూపించకుండా ఎనిమిదేళ్ల వయసువారి మీద వదిలేసి, అది జరగనప్పుడు ఆసక్తి లేదని తేల్చేయడం తొందరపాటే.

పియానోకే ఉన్న చిక్కులు

వయొలిన్ మీద శ్రుతి తప్పని ఒక్క స్వరం పలికించడానికి వారాలు పట్టవచ్చు. ఫ్లూట్‌లో మొదట్లో గాలి చప్పుడే ఎక్కువ, నాదం తక్కువ. పియానోలో మీట నొక్కితే చాలు, శ్రుతిబద్ధమైన స్వరం పలుకుతుంది. అందుకే తొలి నెలల్లో ప్రగతి వేగంగా ఉంటుంది. ఒక చేత్తో వాయించే చిన్న పాటలు ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. రెండు చేతులూ ఒకే సమయంలో వేర్వేరు పనులు చేయవలసి వచ్చేసరికి, విడివిడిగా బాగానే వచ్చినవి కలిపితే రెండూ చెడిపోతాయి. పైగా కుడిచేతికి ట్రెబుల్ క్లెఫ్ (పై స్వరాలను రాసే గీతల పద్ధతి), ఎడమచేతికి బాస్ క్లెఫ్ (కింది స్వరాలను రాసేది) చదవాలి. ఐదు గీతల మీద ఒకే చోట ఉన్న గుర్తుకు ఒకదానిలో ఒక స్వరం, రెండోదానిలో మరో స్వరం. నెలల తరబడి కుడిచేతి గీతలే చదివినవారికి ఎడమచేతి గీతలు మళ్లీ అక్షరాలు దిద్దుకున్నట్టే ఉంటాయి.

ప్రగతి వేగం పడిపోయేది సరిగ్గా ఇక్కడే. తంత్రీవాద్యాల్లో, గాలివాద్యాల్లో కష్టం మొదట్లోనే ఎదురవుతుంది కాబట్టి ఆశలూ అప్పటికి తక్కువగానే ఉంటాయి. పియానోలో ఆశలు పెరిగిన తర్వాత కష్టం ఎదురవుతుంది. తొలి నెలల వేగాన్ని కొలబద్దగా పెట్టుకున్న పెద్దలకు ఈ మందగమనం బద్ధకంలా కనిపిస్తుంది, పిల్లలకు మాత్రం తమకిక రాదేమోనన్న అనుమానంగా మారుతుంది. రెండు చేతులు కలిపే దశ రాబోతోందని, అక్కడ వేగం తగ్గడం మామూలేనని ఉపాధ్యాయుడు ముందే ఇంట్లో వారికి చెప్పి ఉంచితే సగం అపార్థం పుట్టదు.

రెండో చిక్కు ఒంటరితనం. బ్యాండ్‌లోనో ఆర్కెస్ట్రాలోనో వాయించే పిల్లలకు తోటివారు ఉంటారు. ఒకరు సాధన చేయకుండా వస్తే అందరి వాయింపూ చెడుతుంది, ఆ సంగతి అందరికీ వెంటనే తెలుస్తుంది. పియానో విద్యార్థి కోసం ఎవరూ ఎదురుచూడరు. ఈ లోటును 19వ శతాబ్ది ఆరంభంలోనే గుర్తించినవారిలో డబ్లిన్‌లో బోధించిన యోహాన్ బెర్నార్డ్ లోజియర్ ఒకరు. ఆయన ఒకే గదిలో పలువురికి కలిపి పియానో నేర్పాడు. చేతులు కదలకుండా పట్టి ఉంచేందుకు 1814లో ఆయన పేటెంటు తీసుకున్న చట్రం ఇప్పుడు చూస్తే శిక్షాసాధనంలా ఉంటుంది గాని, కలిసి నేర్చుకోవడమన్న ఆలోచన మాత్రం నిలబడింది. ఒకే పియానో ముందు ఇద్దరు కూర్చుని వాయించే నాలుగు చేతుల రచనలు ఈ ఒంటరితనానికి పాత మందు. విద్యార్థి చెయ్యి జరపనక్కర్లేకుండా ఐదు స్వరాల్లోనే ఉండిపోయి, మిగిలిన బరువంతా గురువు మోసేలా డయబెల్లీ వంటి స్వరకర్తలు ఇలాంటివి రాశారు. నెలల అనుభవం మాత్రమే ఉన్న వేళ్లకు కూడా నిండైన సంగీతంలో భాగమైన అనుభూతి ఇవి ఇస్తాయి. పైగా లయ ఆగిపోతే రెండో వ్యక్తి ముందుకు సాగిపోతాడు కాబట్టి తడబడినా కొనసాగడం అలవడుతుంది.

వాద్యం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పాఠం జరిగేచోట 88 మీటల పియానో, ఇంట్లో స్పర్శ తేడా పట్టని చిన్న కీబోర్డ్ ఉంటే, మెల్లగా వాయించు, గట్టిగా వాయించు అన్న సూచనలను ఇంట్లో సాధన చేయడం సాధ్యం కాదు. కాళ్లు నేలకు అందక వేలాడుతుంటే భుజాలు బిగుసుకుంటాయి. పాదాల కింద పీట చాలు. ఇవి చిన్న విషయాలే అయినా విసుగు పేరుతో బయటపడే అసౌకర్యాల్లో వీటికి వాటా ఉంది.

ఆ అరగంటలో నిజంగా జరిగేది

పిల్లలు ఇంట్లో సాధన చేస్తున్నప్పుడు వీడియో తీసి పరిశీలించిన పరిశోధనల్లో గ్యారీ మెక్‌ఫర్సన్, జేమ్స్ రెన్విక్ 2001లో ప్రచురించినది తరచుగా ప్రస్తావనకు వస్తుంది. ఆస్ట్రేలియాలో వాద్యం కొత్తగా మొదలుపెట్టిన పిల్లలను గమనిస్తే, సాధన సమయంలో అత్యధిక భాగం పాటను మొదటి నుంచి చివరిదాకా వాయించడంతోనే గడిచిపోయింది. కష్టమైన చోట ఆగి, ఆ ముక్కను విడదీసి, నెమ్మదిగా సరిచేయడం చాలా అరుదు. వారు పియానో వాయించేవారు కారు, గాలివాద్యాలు నేర్చుకునేవారు. కానీ ఏ పియానో ఉపాధ్యాయుడికైనా ఇది కొత్త కబురేమీ కాదు.

ఇలా వాయించడంలో నష్టం ఎంతో ఒక ఊహాత్మక లెక్కతో చూడవచ్చు. 16 బార్ల (లయ లెక్క ప్రకారం నిలువు గీతలతో విడదీసిన చిన్న భాగాల) పాటలో కష్టమైనవి రెండు బార్లే అనుకుందాం. పాట మొత్తం నిమిషంలో పూర్తయితే ఆ రెండు బార్ల వంతు ఏడున్నర సెకన్లు. పదిసార్లు వాయిస్తే పది నిమిషాలు గడుస్తాయి. అందులో అసలు సమస్య మీద పెట్టింది 75 సెకన్లు, అదీ ప్రతిసారీ తప్పుగానే. పాడగా పాడగా రాగం అన్న సామెత నిజమే గాని, వేళ్లకు రాగమూ తప్పూ ఒకటే. ఏది పదే పదే జరిగితే అదే పాతుకుపోతుంది. తడబడగానే మొదటికి వెళ్లి మళ్లీ ఎత్తుకునే అలవాటు ఇంకా ప్రమాదకరం. మొదటి నాలుగు బార్లు అద్భుతంగా వస్తాయి, చివరి నాలుగు ఎప్పుడూ కొత్తగానే ఉంటాయి, మధ్యలో ఆగడమన్నది పాటలో భాగంగా స్థిరపడిపోతుంది.

ఎన్నిసార్లు అన్నది కాదు, ఎలా అన్నదే ముఖ్యమని చూపిన ప్రయోగం రాబర్ట్ డ్యూక్, ఆయన సహచరులు 2009లో ప్రచురించినది. అందులో పాల్గొన్నవారు పిల్లలు కారు, విశ్వవిద్యాలయ స్థాయిలో ఉన్న 17 మంది పియానిస్టులు. శోస్టకోవిచ్ కాన్సర్టోలోని ఒక చిన్న కఠినమైన భాగాన్ని ఇచ్చి, ఇష్టమున్నంతసేపు సాధన చేయమన్నారు. మర్నాడు వాయించినప్పుడు ఎవరు మెరుగ్గా ఉన్నారన్నదానికీ, వారు సాధన చేసిన నిమిషాలకూ, ఎన్నిసార్లు వాయించారన్న లెక్కకూ పొంతన కనబడలేదు. తప్పులు అందరికీ వచ్చాయి. ముందు వరుసలో నిలిచినవారు తప్పు వచ్చిన కచ్చితమైన చోటును పట్టుకున్నారు, వేగం తగ్గించారు, ఆ ముక్క స్థిరపడేదాకా వదల్లేదు, అదే తప్పును తిరిగి తిరిగి రానివ్వలేదు.

పిల్లల మనసును విరిచే మరో అనుభవం ఉంది. సాయంత్రం బాగా వచ్చిన పాట మర్నాడు రాదు. "నిన్న వచ్చింది కదా" అన్న మాటలో ఆశ్చర్యం కంటే అవమానం ఎక్కువ. ఒకే ముక్కను వరుసగా ఇరవైసార్లు వాయిస్తే చివరి సార్లు తేలిగ్గా వస్తాయి. ఆ తేలికకు కారణం చాలావరకు అప్పటి జ్ఞాపకమే, నేర్పు కాదు. అప్పటికప్పుడు కనబడే పనితనం, నిలిచి ఉండే నేర్పు రెండూ వేరని రాబర్ట్ బ్యోర్క్ వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా చూపుతున్నారు. ఒకే ముక్కను కాసేపు వదిలి, వేరే పని చేసి, మళ్లీ దానికి రావడం ఇబ్బందిగా ఉంటుంది, తప్పులూ ఎక్కువ వస్తాయి, అయినా మర్నాటికి నిలిచేది ఎక్కువగా అలా చేసినదే. మర్నాడు కొంత పోవడం మామూలేనని, రెండో రోజు తిరిగి పట్టుకోవడానికి తక్కువసేపు పడుతుందని, ఆ తగ్గిన సమయమే నేర్చుకున్నదానికి గుర్తని పిల్లలకు ఎవరూ చెప్పకపోవడం విచిత్రం.

అప్పగించే మాటలో తేడా

"ఈ పాట సాధన చేసి రా" అన్నది అప్పగింత కాదు, కోరిక మాత్రమే. దానికి అంతం ఎక్కడో తెలియదు. అందుకే ఇంట్లో వారు గడియారాన్ని అంతంగా పెడతారు. అరగంట లక్ష్యమైనప్పుడు పిల్లలు నేర్చుకునేది అరగంట గడపడం. దీనికి బదులు "7, 8 బార్లు ఎడమచేతితో మాత్రమే, సగం వేగంలో, వరుసగా మూడుసార్లు తప్పు లేకుండా, ఆ తర్వాత 6వ బార్ చివరి స్వరం నుంచి మొదలుపెట్టి 8వ బార్ దాకా రెండు చేతులతో" అని రాసిస్తే పరిస్థితి మారిపోతుంది. ఈ పనికి హద్దు ఉంది. పూర్తయిందో లేదో చెప్పడానికి పెద్దలు అక్కర్లేదు. ఐదు నిమిషాల్లో పూర్తి కావచ్చు, పూర్తయినప్పుడు నిన్న లేనిది ఇవాళ చేతిలో ఉంటుంది. ఇష్టాన్ని పెంచే సంతృప్తి ఇక్కడ దొరుకుతుంది. పొగడ్త దానికి ప్రత్యామ్నాయం కాలేదు.

ఇలాంటి అప్పగింత పనిచేయాలంటే ఆ పద్ధతిని విద్యార్థి పాఠంలోనే ఒకసారి చేసి ఉండాలి. పాఠం చివరి ఎనిమిది, పది నిమిషాల్లో ఉపాధ్యాయుడు మాట్లాడకుండా పక్కన కూర్చుని, "ఇంట్లో ఎలా చేస్తావో ఇప్పుడు ఇక్కడ చెయ్యి" అని గమనించడం చాలా పాఠాల్లో కనబడని అలవాటు. కొత్త పాటలో కొంత తగ్గించుకుని అయినా దీనికి సమయం ఇవ్వడం లాభసాటి బేరం, ఎందుకంటే ఆ పది నిమిషాలు మిగిలిన ఆరు రోజులను మారుస్తాయి.

సాధన పద్ధతుల్లో పిల్లలు తేలిగ్గా పట్టుకునేవి కొన్ని ఉన్నాయి. చివరి రెండు బార్ల నుంచి మొదలుపెట్టి వెనక్కి వెళుతూ కలుపుకుంటూ పోతే, పాట ఎప్పుడూ తెలిసిన చోటుకే చేరుతుంది కాబట్టి భయం తగ్గుతుంది. చేతులు విడదీయడం అందరికీ తెలిసినదే. తెలిసీ నిర్లక్ష్యమయ్యేది వేళ్ల వరుస. బొటనవేలు 1, చిటికెనవేలు 5 అన్న అంకెలు స్వరాల మీద రాసి ఉండేది అలంకారానికి కాదు. అదే ముక్కను ప్రతిసారీ వేరే వేళ్లతో వాయించినవారు ఒకే పాటను పదిసార్లు కాక, పది వేర్వేరు కదలికలను ఒక్కొక్కసారి సాధన చేసినట్టవుతుంది. ఎంత వాయించినా రావడం లేదన్న ఫిర్యాదు వెనుక ఈ కారణం దాగి ఉండటం చాలా సాధారణం.

చదవడం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. గీతలు సరిగ్గా చదవలేని విద్యార్థి పాఠంలో గురువు చేతులు చూసి, విని పాటను పట్టుకుంటాడు. ఇంటికి వెళ్లేసరికి అందులో సగం మరిచిపోతాడు, పుస్తకం తెరిచినా అది సాయపడదు. బయటికి ఇది సాధన ఎగవేతలా కనిపిస్తుంది గాని, నిజానికి అతడి దగ్గర సాధన చేయడానికి పాటే లేదు. రోజూ రెండు మూడు నిమిషాలు, నేర్చుకుంటున్న పాటలకంటే బాగా తేలికైన కొత్త ముక్కలను చూసి వాయించడమే దీనికి దారి. వినికిడితో నేర్చుకునే నేర్పు తక్కువదేమీ కాదు, అలాంటి పిల్లలకు గురువు వాయింపును రికార్డు చేసి పంపడం తాత్కాలికంగా బాగా పనిచేస్తుంది కూడా. చదవడాన్ని మాత్రం అది భర్తీ చేయదు.

బహుమతులు, పొగడ్తలు

నక్షత్రాల స్టిక్కర్లు, పాయింట్లు, వారాంతపు బహుమతులు చాలామంది పెద్దలకు మొదట తోచే ఉపాయాలు. వీటి మీద అనుమానం కలిగించిన ప్రసిద్ధ ప్రయోగం మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ 1973లో ప్రచురించారు. అప్పటికే ఇష్టంగా బొమ్మలు గీస్తున్న మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్లో కొందరికి, గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొన్ని రోజుల తర్వాత, స్వేచ్ఛగా ఆడుకునే వేళ, ఆ పిల్లలు బొమ్మలు గీయడానికి వెచ్చించిన సమయం మిగిలినవారితో పోలిస్తే సుమారు సగానికి పడిపోయింది. ముందు చెప్పకుండా హఠాత్తుగా పత్రం అందుకున్నవారిలో ఈ తగ్గుదల లేదు.

ఈ ఫలితాన్ని బహుమతులన్నీ చెడ్డవన్న తీర్పుగా చదవడం పొరపాటు. ప్రయోగంలోని పిల్లలు అంతకు ముందే ఆ పనిని ఇష్టపడుతున్నారు. ఇష్టమే పుట్టని పనికి, ఉదాహరణకు కొత్తగా మొదలైన స్కేల్స్‌కు (స్వరాలను వరుసగా ఎక్కుతూ దిగుతూ వాయించే అభ్యాసాలకు), చిన్న ప్రోత్సాహకం పెట్టినంత మాత్రాన పోయేదేమీ లేదు. లేని ఇష్టం తగ్గదు. ప్రమాదం ఎక్కడంటే, బిడ్డ తనంతట తానే వాయించుకుంటున్న పాటకు పాయింట్లు కట్టడంలో. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అభివృద్ధి చేసిన ప్రేరణ సిద్ధాంతం దీనికి ఒక చట్రాన్ని ఇస్తుంది. తన పనిపై తనకు కొంత అధికారం ఉందన్న భావం, తనకు చేతనవుతోందన్న నమ్మకం, తనవారితో అనుబంధం అన్న మూడు అవసరాలు తీరినచోట మనిషి బయటి ఒత్తిడి లేకుండానే పనిలో నిలుస్తాడని వారి వాదన. స్టిక్కర్ ఈ మూడింటిలో నేరుగా దేన్నీ ఇవ్వదు. "ఈ వారం ఎడమచేతి గెంతు మూడుసార్లు వరుసగా వచ్చింది" అని గుర్తుచేసే స్టిక్కర్ రెండోదానికి సాక్ష్యంగా పనికొస్తుంది, "అరగంట కూర్చున్నావు" అని చెప్పేది పనికిరాదు.

పొగడ్త విషయంలో క్లాడియా మ్యూలర్, కెరల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, తెలివైనవారని పొగడబడిన పిల్లలు తర్వాత కష్టం ఎదురైనప్పుడు త్వరగా వెనక్కి తగ్గారు, శ్రమను మెచ్చుకున్నవారు ఎక్కువసేపు నిలిచారు. ఈ ప్రభావం ఎంత పెద్దదన్న దానిపై తర్వాతి కాలంలో వాదోపవాదాలు జరిగాయి. అయినా పియానో దగ్గర ఒక సంగతి ఆ వివాదంతో నిమిత్తం లేకుండానే నిలుస్తుంది: "ఎంత బాగా వాయించావో" అన్న మాటలో రేపు ఏం చేయాలో చెప్పే సమాచారం లేదు.

పాటల ఎంపిక, పరీక్షలు

మెక్‌ఫర్సన్, రెన్విక్ మరో సందర్భంలో క్లారినెట్ నేర్చుకుంటున్న ఒక బాలిక సాధనను నిశితంగా పరిశీలించారు. గురువు అప్పగించిన పాటను ఆమె పైపైన వాయించి వదిలేసింది. తాను కోరి తెచ్చుకున్న పాట మీద మాత్రం ఒక్కో స్వరానికి ఎన్నో రెట్లు ఎక్కువ సమయం పెట్టింది, అంతకు ముందు వాడని పద్ధతులూ వాడింది: శబ్దం లేకుండా వేళ్లు కదిపి చూసుకోవడం, వేగం తగ్గించడం, ముక్కను విడదీయడం. అంటే ఆమెకు సాధన పద్ధతులు తెలియకపోలేదు, వాటిని వాడే కారణం అప్పగించిన పాటలో కనబడలేదు. ఇది ఒక్క విద్యార్థి ఉదాహరణే అయినా, ఎంపికకు ఉన్న బలాన్ని ఇంత స్పష్టంగా చూపే పరిశీలనలు తక్కువ.

ఎంపిక అంటే పూర్తిగా పిల్లల ఇష్టానికి వదిలేయడమని కాదు. సినిమా పాటో, ఆటల సంగీతమో కావాలని అడిగే ఏడేళ్లవారు దాని అసలు రూపాన్ని వాయించలేరు. తగిన స్థాయికి కుదించి ఇవ్వడం ఉపాధ్యాయుడి పని. మూడు పాటలు వాయించి వినిపించి ఒకటి ఎంచుకోమనడం మధ్యేమార్గం. ఒకే సమయంలో రెండు స్థాయుల పాటలు చేతిలో ఉండటం కూడా మేలు. ఒకటి నెలల తరబడి కష్టపడవలసినది, మరొకటి వారంలో పూర్తయ్యేది. కష్టమైన పాట ఒక్కటే ఉంటే ఎంత సాధన చేసినా ఏదీ పూర్తి కాదు. తేలికైనవి మాత్రమే ఉంటే పూర్తయినదానికి విలువ ఉండదు.

గ్రేడ్ పరీక్షల ప్రభావం ఈ కోణం నుంచే అర్థమవుతుంది. 1889లో లండన్‌లో ఏర్పడిన ఏబీఆర్ఎస్ఎం, ట్రినిటీ కాలేజ్ లండన్ వంటి సంస్థల పరీక్షలు చాలా దేశాల్లో పియానో బోధనకు వెన్నెముకగా మారాయి. ఎనిమిది గ్రేడ్ల నిచ్చెన ప్రగతిని బయటివారికి కూడా కనబడేలా చేస్తుంది, గడువు పెడుతుంది, ఒక పాటను మెరుగుపెట్టే దాకా వదలకూడదన్న క్రమశిక్షణ నేర్పుతుంది. ఇవన్నీ నిజమైన లాభాలే. నష్టం పరీక్షలో లేదు, పరీక్ష చుట్టూ ఏడాదిని బిగించడంలో ఉంది. పరీక్షకు అవసరమైన మూడు నాలుగు పాటలనే ఏడాదంతా రుద్దే విద్యార్థి, సర్టిఫికెట్ చేతికొచ్చేనాటికి వాటిని అసహ్యించుకుంటాడు. కొత్త పాటను సొంతంగా చదివి నేర్చుకునే శక్తి మాత్రం గ్రేడుకు తగ్గట్టు పెరగదు. ఒక గ్రేడుకూ మరో గ్రేడుకూ మధ్య ముప్పై, నలభై తేలికైన పాటలు చేతుల మీదుగా వెళ్లినవారికీ, నాలుగే వెళ్లినవారికీ తేడా కొన్నేళ్ల తర్వాత పూడ్చలేనంతగా పెరుగుతుంది. 2020లో ఏబీఆర్ఎస్ఎం ప్రవేశపెట్టిన, రికార్డింగ్ పంపితే సరిపోయే ప్రదర్శన గ్రేడ్లు హాజరయ్యే భయాన్ని తగ్గించాయి గాని ఈ సమస్యను తీర్చేవి కావు.

తల్లిదండ్రులు ఎంతవరకు?

జాన్ స్లోబొడా, జేన్ డేవిడ్‌సన్, వారి సహచరులు 1990ల్లో ఇంగ్లండులో 257 మంది యువ వాద్యకారుల చరిత్రలను సేకరించారు. వారిలో ప్రత్యేక సంగీత పాఠశాలకు ఎంపికైనవారి నుంచి మధ్యలో మానేసినవారి దాకా ఉన్నారు. బాగా రాణించినవారి తల్లిదండ్రులు సంగీతజ్ఞులు కానక్కర్లేదు. కానీ తొలి ఏళ్లలో వారు పాఠాలకు హాజరై, గురువుతో మాట్లాడి, ఇంట్లో సాధన వేళ పక్కన ఉన్నారు. పిల్లలు సొంతంగా సాగడం మొదలుపెట్టాక క్రమంగా తప్పుకున్నారు. మానేసినవారి ఇళ్లలో వరుస వేరుగా కనిపించింది. మొదట్లో పట్టించుకోవడం తక్కువ, కౌమారం వచ్చాక ఒత్తిడి ఎక్కువ. పక్కన తోడు అవసరమైన వయసులో వదిలేసి, స్వేచ్ఛ కోరే వయసులో నిఘా పెట్టడం ఫలించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

జపాన్‌లో షినిచి సుజుకి రూపొందించిన పద్ధతి ఈ తోడును బోధనలో భాగం చేసింది. తల్లి గాని తండ్రి గాని పాఠంలో కూర్చుని రాసుకుంటారు, ఇంట్లో గురువుకు సహాయకులవుతారు. చిన్న వయసులో ఇది ప్రభావవంతమే. దీన్ని అనుకరించే ఇళ్లలో తరచుగా జరిగే పొరపాటు, సహాయకులు న్యాయమూర్తులు కావడం. తప్పు పడగానే వంటగది నుంచి వినిపించే "తప్పు" అన్న కేక, తప్పును తామే వినే అవకాశాన్ని పిల్లల నుంచి లాగేసుకుంటుంది. "ఎక్కడ వేరుగా వినిపించింది?" అన్న ప్రశ్న అదే సమాచారాన్ని వారి చెవి ద్వారానే రప్పిస్తుంది. సంగీతం తెలియని తల్లిదండ్రులు అడగగలిగిన ప్రశ్నల్లో ఇంతకంటే ఉపయోగకరమైనది లేదు.

గురువు స్వభావం విషయంలో కూడా ఇదే వరుస. అంతర్జాతీయ స్థాయికి చేరిన 21 మంది అమెరికన్ పియానిస్టుల జీవితాలను బెంజమిన్ బ్లూమ్ బృందం పరిశీలించినప్పుడు, వారిలో ఎక్కువమందికి తొలి గురువులు గొప్ప కళాకారులు కారు, పిల్లలతో ఆప్యాయంగా ఉండే మనుషులు. కఠినమైన గురువులు తర్వాత వచ్చారు, అప్పటికి ఇష్టం స్థిరపడింది. మొదటి పాఠం నుంచి గుర్తింపు దాకా వారికి సగటున 17 ఏళ్లు పట్టింది.

ఎంతసేపు, ఎలా పంచుకోవాలి?

పదివేల గంటల మాట ఇక్కడ తప్పకుండా వినిపిస్తుంది. దాని మూలం ఆండర్స్ ఎరిక్‌సన్, సహచరులు 1993లో ప్రచురించిన బెర్లిన్ వయొలిన్ విద్యార్థుల అధ్యయనం. ఆ సంఖ్య ఉత్తమ బృందం ఇరవయ్యేళ్ల వయసుకు చేరుకున్న సగటు మాత్రమే, దాటవలసిన గీత కాదు. 2014లో బ్రూక్ మెక్నమారా బృందం అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి విశ్లేషిస్తే, సంగీతంలో వ్యక్తుల మధ్య కనిపించే తేడాల్లో సుమారు 21 శాతాన్ని ఉద్దేశపూర్వక సాధన వివరించింది. మిగిలినది ప్రతిభ ఖాతాలో వేసేయడానికి వీల్లేదు; మొదలుపెట్టిన వయసు, బోధన నాణ్యత, కొలతల్లో దొర్లే లోపాలు, ఇంకా అనేకం అందులో ఉన్నాయి. స్లోబొడా బృందం లెక్కల్లోనైతే ప్రతిభావంతులుగా పేరుపడ్డవారికి కూడా ఒక గ్రేడు నుంచి మరో గ్రేడుకు చేరడానికి పట్టిన గంటలు మిగిలినవారికంటే చెప్పుకోదగినంత తక్కువేమీ కావు. వారు ఆ గంటలను తక్కువ సంవత్సరాల్లో పూర్తి చేశారు, అంతే.

చిన్నపిల్లలకు గంటలకంటే పంపకం ముఖ్యం. ఆదివారం ఒక గంటన్నరకంటే ఆరు రోజుల పాటు పావుగంట మేలు, ఎందుకంటే మధ్యలో గడిచే రాత్రుల నిద్రలో కదలికల జ్ఞాపకం స్థిరపడుతుంది, ప్రతి కొత్త రోజూ గుర్తుచేసుకునే అవసరం ఆ జ్ఞాపకాన్ని ఇంకా బలపరుస్తుంది. రోజూ ఒకే సమయం కంటే ఒకే సందర్భం బాగా నిలుస్తుంది: బడి నుంచి వచ్చి పాలు తాగగానే అన్నట్టు. అలవాట్ల మీద లండన్‌లో పెద్దవారితో జరిగి 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, కొత్త పని ఆలోచించకుండా జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు. ఒక్క రోజు మానితే అంతా పోయినట్టు హడావుడి చేసే ఇళ్లకు ఈ చివరి సంగతి పనికొస్తుంది.

సాధన కాని వాయింపుకు కూడా చోటుండాలి. మీటల మీద తోచినట్టు తడమడం, విన్న పాటను వెతుక్కోవడం, పాత పాటలు వాయించుకోవడం పెద్దలకు కాలక్షేపంలా కనిపించినా, స్లోబొడా బృందం చూసినవారిలో బాగా రాణించినవారు క్రమబద్ధమైన సాధనతో పాటు ఇలాంటి స్వేచ్ఛావాయింపూ ఎక్కువగా చేసినట్టు తేలింది.

ప్రగతి ఆగినట్టు కనిపించినప్పుడు

నైపుణ్యం కొంతకాలం పెరగకుండా ఆగి, మళ్లీ పుంజుకునే తీరును మొదట గ్రాఫు గీసి చూపినవారు సంగీత పరిశోధకులు కారు. 1890ల చివర అమెరికాలో విలియం బ్రయాన్, నోబుల్ హార్టర్ టెలిగ్రాఫ్ ఆపరేటర్లు సంకేతాలు నేర్చుకునే వేగాన్ని కొలిచి, మధ్యలో చదునుగా ఉండే దశను గుర్తించారు. అక్షరం అక్షరంగా వినేవారు పదాలుగా వినడం నేర్చుకునే లోపు బయటికి ఏ మార్పూ కనబడదని వారి వివరణ. చదవడంలో ఒక్కో స్వరాన్ని విడిగా గుర్తించే దశ నుంచి స్వరాల గుంపును ఒకే చూపులో పట్టుకునే దశకు వెళుతున్న పియానో విద్యార్థి పరిస్థితి దీనికి దగ్గరగానే ఉంటుంది. ఈ కాలంలో కొత్త కష్టం చేర్చడంకంటే, ఒక మెట్టు కింది పాటలు ఎక్కువ సంఖ్యలో ఇవ్వడం మంచి ఫలితమిస్తుంది. శరీరం వేసే అడ్డంకి కూడా ఉంటుంది. ఒక అష్టకం (ఒక స్వరం నుంచి అదే పేరున్న పై స్వరం దాకా ఉండే దూరం) వెడల్పు సుమారు 16.5 సెంటీమీటర్లు. అంత సాగని చేతికి ఆ పాట ఇంకా తగదు, అక్కడ శ్రమను మెచ్చుకోవడం వల్ల గాని మందలించడం వల్ల గాని చెయ్యి పెరగదు.

మానేస్తామన్న మాట పది, పదమూడేళ్ల మధ్య ఎక్కువగా వినిపిస్తుంది. బడి చదువు బరువు పెరగడం, స్నేహితుల ప్రాధాన్యం పెరగడం, వాయించగలిగిన సంగీతానికీ వినే సంగీతానికీ మధ్య దూరం పెరగడం ఒకేసారి జరిగే వయసు అది. ఆ మాట దేని గురించో విడదీసి చూడాలి: పియానో గురించా, పాటల గురించా, గురువు పద్ధతి గురించా, పరీక్షల గురించా. ఒక్కొక్కటే మార్చి చూస్తే సమాధానం దొరుకుతుంది. పరీక్షను ఒక ఏడాది ఆపడం, పాటలు పూర్తిగా విద్యార్థి ఎంపికకు వదలడం, గాయకుడికో మరో వాద్యకారుడికో సహకారంగా వాయించే అవకాశం కల్పించడం, చివరికి గురువును మార్చడం. వీటికి గడువు కూడా ముందే మాట్లాడుకోవాలి, ఉదాహరణకు విద్యాసంవత్సరం చివరిదాకా. ఆ గడువులోగా తనంతట తాను ఒక్కసారి కూడా మీటల దగ్గరికి వెళ్లకపోతే, పాఠాలు ఆపడం వైఫల్యమేమీ కాదు. గీతలు చదవడం, లయ పట్టుకోవడం, చెవితో విని సరిచేసుకోవడం వచ్చిన పిల్లలు గిటార్‌కో, గాత్రానికో, డ్రమ్స్‌కో మారితే అక్కడ సున్నా నుంచి మొదలుపెట్టరు.